హీరో చస్తాడని ప్రకటన రాసినవాణ్ణి నేనే

మొన్న సెలూన్లో గడ్డం గీయించుకుంటూ నా గురించి ఒక కథ విన్నాను. చెబుతున్నది మంగలి రమణ. ఆ కథలోని మేనేజరు తన కత్తి కిందే కూర్చుని ఉన్నాడని అతనికి తెలియదు. వెనకటికి మార్కాపురంలో కల్పలత టాకీస్ అని ఒకటి ఉండేదట, దాని మేనేజరుకు ఫలానా హీరో అంటే గిట్టదట, ఆ కక్షతో అతని సినిమా చివరి రీలు ఎత్తుకుపోయి గుండ్లకమ్మ ఏట్లో పారేశాడట. వింటున్న కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. నా ముఖమంతా సబ్బు నురగ, గొంతు దగ్గర కత్తి. చరిత్రను సరిదిద్దడానికి అది అనువైన సమయం కాదని ఊరుకున్నాను. ఇంటికి వచ్చి ముఖం తుడుచుకున్నాక మాత్రం, జరిగింది జరిగినట్టు ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే నేను రీలు దొంగగా మిగిలిపోతానని తోచింది. అసలు సంగతి నా పరువును ఏమంత పెంచేది కాదు. అయినా దొంగతనం కన్నా తెలివితక్కువతనం నయం.

నేను కల్పలతలో మేనేజరుగా చేరింది పంతొమ్మిది వందల ఎనభైల చివర్లో. అంతకు ముందు గిద్దలూరులో ఒక హాల్లో బుకింగు క్లర్కుగా ఉండేవాణ్ణి. సినిమా హాలు కొలువులో అందరికన్నా పైన ఓనరు, ఆయన కింద మేనేజరు, తరవాత ఆపరేటరు, బుకింగు క్లర్కులు, గేటు మనుషులు, చివర క్యాంటీను. వీళ్ళలో ఆపరేటరుకు పరీక్ష పాసైన లైసెన్సు ఉండాలి. గేటు మనిషికి కండబలం ఉండాలి. మేనేజరుకు మాత్రం ఏ అర్హతా అక్కరలేదు. ఆ విధంగా నాకు ఆ ఉద్యోగం దొరికింది.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. తక్కినదంతా శాఖా గ్రంథాలయంలోనే. మ్యాట్నీ మొదలై గేటు వేశాక మేనేజరుకు ఇంటర్వెల్ దాకా పెద్దగా పని ఉండదు. ఆ వేళ లైబ్రరీకి పోయి కూర్చునేవాణ్ణి. ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేరు కాబట్టి బీరువాలో పుస్తకాలు ఏ వరుసలో ఉంటే ఆ వరుసలోనే చదివాను. జ్యోతిషం తరవాత తేనెటీగల పెంపకం, దాని తరవాత నాటక కళ. తేనెటీగల వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. ఈ కథంతా ఆ మూడో పుస్తకం వల్ల వచ్చింది.

మేనేజరు పనుల్లో పేపరు ప్రకటన ఒకటి. ఇప్పటివాళ్ళకు దాని పద్ధతి చెప్పాలి. శుక్రవారం సినిమా మారుతుందంటే, ప్రకటన మ్యాటరు బుధవారమే రాసి బస్టాండు దగ్గరుండే పేపరు ఏజెంటుకు ఇవ్వాలి. ఆయన దాన్ని కవర్లో పెట్టి ఒంగోలు బస్సు కండక్టరు చేతికిస్తాడు. అక్కడ జిల్లా ఎడిషన్ ఆఫీసు మనిషి తీసుకుంటాడు. బస్సు పొదిలి దాటిందంటే ఇక దిద్దుబాటు లేదు. రాసింది రాసినట్టు అచ్చవుతుంది. చోటు ఒక కాలం వెడల్పు, అగ్గిపెట్టె ఎత్తు. అందులో హాలు పేరు, సినిమా పేరు, ఎన్ని ఆటలు, నేడే చూడండి అనే మాట, అంతే. అందరూ అంతే రాసేవారు. నేను మాత్రం ‘నయనానందకరం’, ‘రసరమ్యం’, ‘సకుటుంబ వీక్షణీయం’ అంటూ ఆ అగ్గిపెట్టెలో పద్యకావ్యం కుక్కేవాణ్ణి. వారం వారం కత్తిరించి డైరీలో అంటించుకునేవాణ్ణి. ఊళ్ళో నాలాగా తెలుగు రాసేవాడు లేడని నా నమ్మకం. లేడన్నది నిజమే. ఎందుకు లేడో అప్పటికి ఆలోచించలేదు.

ఓనరు వెంకటరెడ్డిగారిది రాచర్ల వైపు సేద్యం చేసుకునే కుటుంబం. సినిమాల మీద ప్రేమతో హాలు కట్టారు గాని, ఆ ప్రేమ అప్పటికి సన్నగిల్లింది. కారణం మేము ‘సి’ సెంటరు కావడం. కొత్త సినిమా ముందు విజయవాడ, గుంటూరు, ఒంగోలు లాంటి చోట్ల ఆడుతుంది, అవి ‘ఎ’ సెంటర్లు. అక్కడ అరిగాక ‘బి’ సెంటర్లు. అక్కడా అరిగాక ఆ ప్రింటు పెట్టె మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగేది. అప్పటికి తెరంతా గీతలు. ఎండాకాలం సీను కూడా వానలో జరుగుతున్నట్టే ఉండేది. ఆ లోపల మావాళ్ళు సగం మంది బస్సెక్కి ఒంగోలు పోయి చూసి వచ్చేవారు.

అట్లాంటి రోజుల్లో డిస్ట్రిబ్యూటరు ఆఫీసు ఒక అవకాశం ఇచ్చింది. ఒక పెద్ద హీరో కొత్త సినిమాను విజయవాడతో పాటు అదే శుక్రవారం మాకు కూడా ఇస్తామన్నారు. వారం బాగా ఆడితే ఇక ముందు కల్పలత రిలీజు సెంటరే. ఆడకపోతే మళ్ళీ పాత గీతల ప్రింట్లే. వెంకటరెడ్డిగారు నన్ను పిలిచి ఇంకో మాట చెప్పారు.

“చూడబ్బాయ్, కందుల వ్యాపారి ఒకాయన హాలును గోడౌనుకు అడుగుతా ఉండాడు. ఈ బొమ్మ ఆడకపోతే ఇచ్చేస్తా. తర్వాత మీరందరూ బస్తాలకు టిక్కెట్లు అమ్ముకోండి.”

అంటే హాలు, అందులో పనిచేసే మా అందరి బతుకు, ఆ ఒక్క వారం మీద నిలబడ్డాయి. సినిమా పేరు, హీరో పేరు చెప్పను. ఆయన అభిమానులు ఇప్పటికీ ఉన్నారు, నేను ఇప్పటికీ ఈ ఊళ్ళోనే తిరగాలి.

విడుదలకు ముందు విజయవాడలో హాళ్ళవాళ్ళకు ప్రివ్యూ వేస్తే రెడ్డిగారు, నేను వెళ్ళి చూశాము. చివర్లో విలన్ని చంపాక, వాడి కత్తిపోటుకు హీరో కూడా హీరోయిన్ ఒళ్ళో ప్రాణం విడుస్తాడు. నేను ఏడ్చాను. తిరుగు ప్రయాణమంతా నాటక కళ పుస్తకం గుర్తుకొచ్చింది. అందులో ఉన్నదేమంటే, పూర్వకాలం ప్రేక్షకులకు నాటకం కథ ముందే తెలుసు, ఏం జరుగుతుందో కాదు, ఎట్లా జరుగుతుందో చూడడానికి వచ్చేవారు అని. వీధి నాటకాల్లో మనం చూస్తున్నదీ అదే కదా అనుకున్నాను. మరి హాళ్ళ దగ్గర అమ్మే పాటల పుస్తకాల్లో సగం కథ చెప్పి ‘తరువాత ఏమైనదో వెండితెరపై చూడుడు’ అని దాచడమేమిటి? అది చదువరిని చిన్నపిల్లవాడిగా చూడడమే అని నాకు కోపం వచ్చింది. మార్కాపురం ప్రేక్షకుణ్ణి నేను గౌరవించదలచుకున్నాను. బుధవారం బస్సుకు పంపిన మ్యాటరు ఇది:

“కల్పలతలో నేటి నుండి. విజయవాడతో పాటు అదే రోజు. కథానాయకుని ప్రాణార్పణతో పరిసమాప్తమయ్యే విషాదాంత దృశ్యకావ్యం. మీ కన్నీటికి సార్థకత. రోజూ 4 ఆటలు.”

శుక్రవారం పొద్దున పేపరు చూసుకుని మురిసిపోయాను. ప్రకటన చదివినవాళ్ళు కొద్దిమందే. అంతటితో ఆగి ఉంటే ఇబ్బంది ఉండేది కాదు. కాని మా మైకు చెన్నయ్య అదే ముక్కను జట్కాలో కూర్చుని వీధి వీధీ చదివాడు. బడిపిల్లల రాతిపలకలు చేసే షెడ్ల దగ్గర ఆడవాళ్ళు బండి ఆపారు. అక్కడ జరిగింది తరవాత చెన్నయ్యే నాకు చెప్పాడు.

“విషాదాంతం అంటే ఏంది చెన్నయ్యా?”

“ఆఖర్లో చచ్చిపోతాడంటక్కా.”

“ఎవురు, విలనా?”

“విలను గూడా పోతాడు. వాడు ముందు. తర్వాత హీరో.”

“హీరోయినో?”

“ఆయమ్మకు ఏం గాదు. ఆయమ్మ ఒళ్ళోనేనంట.”

గంటలో ఊరంతా తెలిసిపోయింది. ఉదయం ఆటకు అభిమాన సంఘం ఊరేగింపుగా వచ్చింది. సంఘానికి నాయకుడు సుభాని, బట్టలు కుట్టేవాడు, హాలు ముందు కట్టిన బ్యానరు అంతా ఊరికే కుట్టి ఇచ్చినవాడు. కర్పూరం, పూలదండ, టెంకాయలు అన్నీ తెచ్చారు. కటౌటుకు దండ వేశారు. టెంకాయ ఎత్తిన సుభాని కొట్టకుండా నా వైపు తిరిగాడు.

“అన్నా, ఇది రిలీజుకు కొట్టాల్నా, చావుకు కొట్టాల్నా?”

“సుభానీ, అది కళ...”

“కళ గాదు, కాకరకాయ గాదు. మావోణ్ణి పేపర్లో చంపితివే. మొదటి ఆట చూసి ఏడ్చుకుంటా ఇంటికి పోవాల్నా మేము? పాండిరా.”

టెంకాయలతో సహా అందరూ వెళ్ళిపోయారు. లోపల నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ నాలుగు తరగతుల్లోనూ గాలి చక్కగా ఆడింది. రెడ్డిగారు బాల్కనీ మెట్ల మీద కూర్చుని పేపరు నా ముందు పెట్టారు.

“ఆ లైబ్రరీకి నువ్వు పోతా ఉంటే మంచోడివి అనుకుంటి. మందు షాపుకు పోయింటే ఇంత నష్టం రాకపోను.”

దిద్దుబాటు మార్గం ఆపరేటరు షరీఫ్ భాయ్ చెప్పాడు. ప్రింటులో అన్నిటికన్నా చివరి రీలులో విలన్ పడిపోతాడు, హీరో నెత్తుటి చొక్కాతో లేచి నిలబడి నవ్వుతాడు. అక్కడి నుంచి కూలబడి, చాలాసేపు మాట్లాడి, చనిపోతాడు. నవ్విన చోట ఫిల్మును కత్తిరించి, చావు ముక్కను వేరే స్పూలుకు చుట్టి దాచి, నవ్వు వెనకాల ‘శుభం’ అంటించవచ్చు. ఆ రోజుల్లో ప్రతి ఆపరేటరు దగ్గర పాత సినిమాల ‘శుభం’ ముక్కలు ఒక డబ్బాలో ఉండేవి. ప్రింటు కత్తిరించడం అగ్రిమెంటుకు విరుద్ధమని నాకు తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు.

“మేనేజరు సాబ్, నేను కోస్తా. అడిగితే మాత్రం మీరు చెప్పినారని చెప్తా,” అన్నాడు. న్యాయమే అనిపించింది.

అతని డబ్బాలో ఉన్న ‘శుభం’ ఏదో పౌరాణిక చిత్రానిది, నలుపు తెలుపు, తామరపువ్వు మీద శంఖంతో. శనివారం నుంచి మా రంగుల సినిమా ఆ విధంగా ముగిసింది. చెన్నయ్య మైకులో “హీరోకు ఏం కాలేదు, పేపర్లో తప్పు పడింది, అందరూ రావాల” అని తిరిగాడు. సాయంత్రం ఆటకు సుభాని బృందం వచ్చి టెంకాయలు కొట్టి, కాగితాలు ఎగరేసి, నవ్వుతూ వెళ్ళింది. హాలు నిండింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

కాని అదే శనివారం మ్యాట్నీకి వచ్చిన ఆడవాళ్ళ సంగతి వేరు. పలకలకు చట్రాలు బిగించే షెడ్డు నుంచి కాశమ్మ, శుక్రవారం మైకులో విన్న మాట నమ్మి, తన జట్టును వెంటబెట్టుకుని వచ్చింది. బొమ్మ అయిపోగానే నన్ను గేటు దగ్గర పట్టుకుంది.

“ఏందయ్యా, చస్తాడని చెప్పి పిలిచి బతికిస్తిరి? ఒక పూట కూలి పోగొట్టుకుని ఏడ్సనీకి వచ్చినాం మేము.”

“హీరో బతికితే మంచిదే గదా అక్కా?”

“మంచిది వాళ్ళమ్మకు. నాకేం మంచిది?”

ఒక హాలు, ఇద్దరు ప్రేక్షకులు. ఒకరికి హీరో బతకాలి, ఒకరికి చావాలి. నేను ఇద్దరినీ గౌరవించాలని మళ్ళీ నిర్ణయించుకున్నాను. ఆదివారం నుంచి మ్యాట్నీలో చస్తాడు, తక్కిన ఆటల్లో బతుకుతాడు. గేటు పక్కన ఆటల వివరాలు రాసే పెద్ద పలక మీద సుద్దముక్కతో ‘మ్యాట్నీ: సంపూర్ణం’ అని నా చేత్తోనే రాశాను. చిక్కటి ప్రకటన అనుకున్నాను.

ఆదివారం డిస్ట్రిబ్యూటరు మనిషి వచ్చాడు. వీళ్ళను రెప్రజెంటేటివులు అంటారు. హాళ్ళు తిరిగి టిక్కెట్ల లెక్క సరిచూసి ఆఫీసుకు రిపోర్టు పంపడం వీళ్ళ పని. కోటేశ్వరరావుగారు నెమ్మదస్తులు, కోస్తా మనిషి, మాట్లాడబోయే ముందు కళ్ళజోడు తుడుచుకుంటారు. మ్యాట్నీకి కూర్చున్నారు. హాలు నిండుగా ఉంది, చివర్లో హాలంతా ముక్కు చీదుళ్ళు. చాలా సంతోషించారు. రిపోర్టు బాగా రాస్తానని రెడ్డిగారితో అన్నారు. ఆ మాట అంటూ బయటికి వచ్చేసరికి, గేటు దగ్గర మ్యాట్నీ ఆడవాళ్ళు బయటికి, ఫస్టు షో అభిమానులు లోపలికి, ఒకరికొకరు ఎదురుపడ్డారు.

కాశమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, “పాపం, ఎట్ల చచ్చిపాయె నాయన,” అంటోంది.

సుభాని ఆగాడు. “ఎవరు పిన్నీ?”

“ఇంకెవురు? మీవోడే.”

“మావోడు చచ్చేదేంది? నిన్న చూసినాం గదా, నవ్వుకుంటా నిలబడినాడు. శుభం గూడా పడింది.”

“నీకు కండ్లు పోయినాయా? ఇప్పుడు గదా ఆ పిల్ల ఒళ్ళో తల వాల్చేసినాడు.”

“నీకే ఏడ్చి ఏడ్చి కండ్లు మసకబారినట్టుండాయి.”

“నేనొక్కదాన్నా? ఇంతమంది చూసినాం.”

“మేము గూడా ఇంతమందిమి.”

ఇద్దరూ తీర్పు కోసం నా వైపు చూశారు. నేను పలక వైపు చూశాను. కోటేశ్వరరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పలక మీద ‘సంపూర్ణం’ అన్న మాట మెల్లగా చదివారు. తరవాత మమ్మల్ని ఆఫీసు గదిలోకి రమ్మన్నారు.

ఆయన గొంతు పెంచలేదు. ముక్క కలిపి ప్రతి ఆటలోనూ మొత్తం సినిమా చూపిస్తారా, లేక పెట్టె కట్టించి సాయంత్రం బస్సుకు తీసుకెళ్ళమంటారా అని మాత్రం అడిగారు. పెట్టె పోతే రిలీజు సెంటరు పోయినట్టే, కందుల వ్యాపారి వచ్చినట్టే. ముక్క కలిపితే బయట ఉన్న అభిమానుల ముందు, టెంకాయలు చేతిలో ఉండగా, వాళ్ళ హీరోని చంపాలి. రెడ్డిగారు తలుపులోంచి టెంకాయల వైపు ఒకసారి చూశారు. తరవాత, “కలపమనండి,” అని, నా వైపు తిరిగి, “నువ్వు చంపినావు, నువ్వే పోయి చెప్పు,” అన్నారు.

వెళ్ళి సుభానికి చెప్పాను.

“సుభానీ, ఈ ఆటలో చస్తాడు.”

“నిన్న బతికినోడు ఈ పొద్దు ఎట్ల చస్తాడన్నా?”

నాటక కళ పుస్తకంలో ఈ ప్రశ్న లేదు. నిన్న కత్తిరించామని ఒప్పుకున్నాను. సుభాని తన జట్టు వైపు చూసి, “లోపలికి నడండి. చూసినాక మాట్లాడదాం మేనేజరన్నతో,” అన్నాడు. ఆ ‘మాట్లాడదాం’ నాకు నచ్చలేదు. ఆట మొదలయ్యాక క్యాంటీనులోని సోడా సీసాలన్నీ లోపలి గదిలో పెట్టించి తాళం వేయించాను. గేటు పక్క పలకను నేనే మోసుకొచ్చి బల్ల కింద దాచాను. అది పగిలితే అంత పెద్దది మళ్ళీ దొరకదు.

చివరి రీలు మొదలయ్యింది. నేను తలుపు సందులోంచి తెరను కాకుండా జనాన్ని చూశాను. హీరో నవ్వాడు. ఈల ఒకటి వేశారు. హీరో కూలబడ్డాడు. ఈల ఆగిపోయింది. లైట్లు వెలిగాక కూడా చాలామంది లేవలేదు.

సుభాని బయటికి వచ్చి నా ముందు నిలబడ్డాడు. కర్చీఫు తడిసిపోయి ఉంది. వెనక జట్టంతా ఉంది. వాళ్ళ కళ్ళు ఎర్రగా ఉండడం చూసి కోపమనే అనుకున్నాను.

“అన్నా,” అన్నాడు, “ఇంత బాగా చచ్చినాడు గదా. నిన్న మాకెందుకు చూపియ్యలేదు?”

అతను అంతటితో ఆగలేదు. శనివారం కోసిన బొమ్మ చూసినవాళ్ళందరికీ చివరి భాగం ఊరికే చూపించాలన్నాడు. కోటేశ్వరరావుగారు అది న్యాయమే అన్నారు. సోమవారం నుంచి చివరి రీలుకు ముందు గేటు తీస్తే, శనివారం చించిన టిక్కెట్టు ముక్కలు పట్టుకుని కుర్రాళ్ళు వచ్చి గోడల వెంట నిలబడేవారు. చావు చూసి పోయేవారు. రెండు రోజులు అట్లా చేశాక సుభాని మళ్ళీ వచ్చాడు.

“లాభం లేదన్నా. ఉత్త చావు చూస్తే ఏడుపు రావడం లేదు. మొదట్నించీ చూస్తేనే వస్తా ఉంది.”

అని టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళాడు. వెనకాల తక్కినవాళ్ళూ వెళ్ళారు. మ్యాట్నీలో కాశమ్మ జట్టు పక్క షెడ్డు జట్టును తెచ్చింది. బొమ్మ ఆ వారమే కాదు, పై వారమూ ఆడింది. కందుల వ్యాపారి వేరే గోడౌను చూసుకున్నాడు.

కోటేశ్వరరావుగారి రిపోర్టు బాగానే ఉందని, కల్పలత రిలీజు సెంటరు అయ్యిందని తరవాత తెలిసింది. కొత్త అగ్రిమెంటు విజయవాడ నుంచి వచ్చింది. రెడ్డిగారు చదవమంటే నేనే పైకి చదివాను. చివర్లో విడిగా టైపు చేసి అంటించిన కొత్త షరతు ఒకటి ఉంది. ఇకపై పత్రికా ప్రకటనల పాఠం సంస్థ పంపినదే వాడవలెను, హాలు యాజమాన్యం గాని మేనేజరు గాని స్వయంగా ఒక్క మాట కూడా చేర్చరాదు. రెడ్డిగారు మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. మూడోసారి కూడా అడిగారు గాని, ఆయన ముఖంలో నవ్వు చూసి నేను చదవలేదు.

ఆనాటి నుంచి నేను పదవీ విరమణ చేసేదాకా ప్రకటనలన్నీ విజయవాడ నుంచి తయారుగా వచ్చేవి, హాలు పేరు, నేడే చూడండి, అంతే. కంభం నుంచి యర్రగొండపాలెం దాకా ఏ హాలు మేనేజరు వచనాన్ని అగ్రిమెంటు పెట్టి నిషేధించలేదు. ఆ విషయంలో నేను ఒక్కణ్ణే.

ఆ వారం నాకు నేర్పింది ఇంతే. నాటక కళ పుస్తకం తప్పు చెప్పలేదు. కథ తెలిసినవాళ్ళు మళ్ళీ వస్తారు, వచ్చారు కూడా. కాని అది ఒకసారి చూసినవాడి సంగతి. పేపరు ప్రకటన ఉన్నది సినిమా ఇంకా చూడనివాడి కోసం. వాడికి చెప్పవలసింది ఎక్కడ, ఏ వేళకు అన్నది. చివర ఏమవుతుందో చెప్పే హక్కు హాల్లోంచి బయటికి వచ్చేవాడిది.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి పాత ప్రకటన కాగితం కావలసి వచ్చింది. నా డైరీని ఎప్పుడో చెదలు తినేశాయి. గ్రంథాలయంలో పాత పేపర్ల కట్టలు దులిపి అది వెతికిపెట్టిన లైబ్రేరియన్ నాగలక్ష్మమ్మకు కృతజ్ఞతలు. ఇప్పటికీ అదే కుట్టు మిషను ముందు కూర్చుని, నేను మరచిన మాటలను గుర్తుచేసి, హీరో పేరు రాయవద్దని ఒట్టు పెట్టించుకున్న సుభానికి, జట్కాలో జరిగింది రెండుసార్లు రెండు రకాలుగా చెప్పిన చెన్నయ్యకు, “నేనే ముందు ఏడ్చినానని రాయి” అన్న కాశమ్మకు, ఆ ‘శుభం’ ముక్కను తండ్రి డబ్బాలో ఇంకా దాచి ఉంచిన షరీఫ్ భాయ్ కొడుకు జిలానీకి, చదివి చూసి ఏమీ అనకుండా తిరిగిచ్చిన వెంకటరెడ్డిగారి పెద్దబ్బాయికి కృతజ్ఞతలు. చివరగా మంగలి రమణకు. అతను కథను అంత తప్పుగా చెప్పకపోతే నేను ఇది రాసేవాణ్ణే కాదు. అచ్చయ్యాక ఒక ప్రతి అతనికే ఇస్తాను, గడ్డం గీయించుకోవడం పూర్తయ్యాక.